పిల్లల బరువు - పెద్దల బాధ్యత

దైవం మనిషికి అప్పగించిన అమానతుల్లో శరీరం కూడా ఒకటి. ధనం గురించి, కాలం గురించి, విద్య గురించి రేపు లెక్క చెప్పుకోవలసి ఉంటుందని జుమా ప్రసంగాల్లో తరచు వింటూ ఉంటాం. ఈ శరీరాన్ని ఎలా వాడుకున్నామన్న ప్రశ్న కూడా అక్కడ ఉంటుందన్న సంగతి మాత్రం మరచిపోతూ ఉంటాం. పెద్దల సంగతి అలా ఉంచి, ఈ వారం మన ఇళ్ళలో పన్నెండు మొదలు పద్దెనిమిదేళ్ళ వయసున్న పిల్లల గురించి, అందులోనూ కాస్త లావుగా ఉండి ఇంటా బయటా మాటలు పడుతున్న పిల్లల గురించి చెప్పుకుందాం. ఈ విషయంలో మేము కూడా ఒక పొరపాటు చేసి ఉన్నాం. ముందుగా అది ఒప్పుకుంటేనే తక్కిన మాటలు చెప్పే అర్హత మాకు ఉంటుంది.

మేము మెచ్చుకున్న రోజా

పూతలపట్టులో మా ఇంటి వసారాలో సాయంత్రం పూట కొందరు ఆడపిల్లలు ఖుర్ఆన్ పాఠానికి వస్తారు. కొన్నేళ్ళ క్రితం వారిలో ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఉండేది. చురుకైన పిల్ల, కాస్త భారీ మనిషి. ఒకరోజు తోటిపిల్ల బొరుగులు పెట్టబోతే 'నాకు రోజా' అని చెయ్యి వెనక్కు తీసుకుంది. సోమవారం, గురువారం నఫిల్ రోజాలు ఉంటోందట. ఈ వయసులో ఇంత దైవభీతి ఉన్నందుకు మేము ఎంతో సంతోషించాం. పిల్లలందరి ముందూ ఆమెను మెచ్చుకున్నాం. 'చూడండి, ఈ బేటీని చూసి నేర్చుకోండి' అన్నాం.

తర్వాత మంగళవారం కూడా రోజా అంది. ఆ తర్వాత బుధవారం కూడా. అడిగితే, రమజానులో తప్పిపోయినవి తీరుస్తున్నానంది. మేము ఇంకా సంతోషించాం. ఒక సాయంత్రం సబఖ్ చదువుతూ చదువుతూనే ఆ పిల్ల పక్కకు ఒరిగిపోయింది. మా ఇంటివారు ముఖాన నీళ్ళు చల్లి కూర్చోబెట్టారు. కబురు విని వాళ్ళ నానీ పరుగున వచ్చింది. 'హజ్రత్, ఇది సహరీకి లేవదు. ఇఫ్తారుకు ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని కడుపునొప్పి అని పడుకుంటుంది' అని కన్నీళ్ళు పెట్టుకుంది.

మరునాడు చిత్తూరులో ఒక డాక్టరమ్మకు చూపించారు. ఒంట్లో రక్తం ఎనిమిది గ్రాములే ఉందని తేలింది. డాక్టరమ్మ పిల్లను ఒంటరిగా కూర్చోబెట్టి మెల్లగా అడిగితే అసలు సంగతి బయటపడింది. ఒక వలీమాలో దస్తర్‌ఖాన్ దగ్గర బంధువుల్లో ఒకామె పదిమందిలో 'ఈ బస్తాకు రేపు దూల్హా ఎక్కడ దొరుకుతాడో' అని నవ్విందట. ఆ రోజు నుంచి పిల్ల తిండి మానేసింది. అన్నం వద్దంటే ఇంట్లో తిడతారు. రోజా అంటే ఎవరూ ఏమీ అనరు, పైగా హజ్రత్ మెచ్చుకుంటారు!

ఆకలితో మాడిపోతున్న పిల్లను పుణ్యం పేరిట మరింత మాడమని ప్రోత్సహించినవాళ్ళం మేమే. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

వెక్కిరింత చిన్న తప్పు కాదు

దివ్యఖుర్ఆన్‌లోని 49వ సూరా, అల్ హుజురాత్‌లో అల్లాహ్ విశ్వాసులకు స్పష్టంగా ఆజ్ఞాపించాడు. ఒక వర్గం మరొక వర్గాన్ని ఎగతాళి చేయరాదు. స్త్రీలు స్త్రీలను ఎగతాళి చేయరాదు. ఒకరినొకరు చెడ్డపేర్లతో పిలుచుకోరాదు. స్త్రీల ప్రస్తావన విడిగా తెచ్చి మరీ చెప్పిన ఆజ్ఞ ఇది. మనం మాత్రం 'మోటూ' అని, 'గుండు' అని, 'బస్తా' అని పిలిచి, అది ముద్దుపేరే కదా అంటాం. ఎవరికి ముద్దు? పిలిచేవారికే. పిలిపించుకునే పిల్లకు కాదు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) కాళ్ళు బాగా సన్ననివి. ఒకసారి ఆయన పిక్కలు బయటపడగా చూసి కొందరు సహాబాలు నవ్వారు. మహాప్రవక్త (స) వారిని వారించి, తీర్పుదినాన త్రాసులో ఆ కాళ్ళు ఉహద్ కొండకంటే బరువు తూగుతాయని చెప్పారు. సన్నం అయినా, లావు అయినా దైవం దగ్గర తూకం వేరని ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

సమస్య ఉన్నమాట నిజమే

వెక్కిరించరాదు కాబట్టి బరువు సంగతి పట్టించుకోనక్కరలేదని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 5 నుంచి 19 ఏళ్ళ పిల్లల్లో 1990లో నూటికి 8 మంది అధిక బరువుతో ఉండేవారు. 2022 నాటికి వారు నూటికి 20 మంది అయ్యారు. ఒకప్పుడు పెద్దలకే వచ్చే చక్కెర జబ్బు ఇప్పుడు హైస్కూలు పిల్లల్లోనూ కనిపిస్తోంది. కొందరు పిల్లలకు మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా మారుతుంది. తల్లులు అది మురికి అనుకుని పీచుతో రుద్దుతారు. అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి తరచు అదొక గుర్తు. రుద్దడం మాని డాక్టరుకు చూపించాలి. ఆడపిల్లలకు నెలసరి క్రమం తప్పినా, ఏ కారణమూ కనబడకుండా బరువు ఒక్కసారిగా పెరిగినా చూపించవలసిందే. థైరాయిడ్ లోపం వంటివి ఉంటే తిండి తగ్గించి ప్రయోజనం లేదు.

ఇంకొక సంగతి. పిల్ల లావుగా ఉందా లేదా అన్నది మన కంటి చూపుతో తేల్చేది కాదు, పెద్దల కొలతతో చూసేది కూడా కాదు. వయసు, ఎత్తు, బరువు కలిపి చూసే పట్టికలు పిల్లల డాక్టర్ల దగ్గర ఉంటాయి. యుక్తవయసు వచ్చే ముందు, వచ్చాక ఆడపిల్లల ఒంటికి కొంత కొవ్వు పట్టడం దైవం పెట్టిన సహజమైన ఏర్పాటు. దాన్ని జబ్బుగా భావించి పిల్లను భయపెట్టరాదు.

చేయకూడనివి

ఈ వయసులో ఎముక గట్టిపడుతుంది, ఎత్తు పెరుగుతుంది, రక్తం కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. లావుగా ఉన్న పిల్లకు రక్తం బాగా ఉంటుందనుకోవడం పొరపాటు. అటువంటప్పుడు పూటలు మాన్పించడం ఇల్లు కాలుతుంటే నీళ్ళ కుండ పగలగొట్టడం వంటిది.

నెలలో పది కిలోలు తగ్గిస్తామనే పొడులు, మాత్రలు, కషాయాలు పిల్లలకు ఇవ్వరాదు. పరగడుపున తేనె, నిమ్మరసం తాగితే కొవ్వు కరుగుతుందన్న మాటకు ఆధారం లేదు. తేనె కూడా తీపే. ఇక రోజా సంగతి. రోజా ఆరాధన, దాని ఆత్మ సంకల్పం. సన్నబడడానికి ఉండేది రోజా అనిపించుకోదు. సహరీలో శుభం ఉందని మహాప్రవక్త (స) చెప్పారు కాబట్టి సహరీ మానడం భక్తి కాదు. పిల్లలు నఫిల్ రోజాలు ఉంటామంటే సంతోషించండి. కాని సహరీకి లేస్తున్నారా, ఇఫ్తారుకు కడుపునిండా తింటున్నారా అన్నది కూడా కనిపెట్టండి. మేము కనిపెట్టలేకపోయాం.

మితమే మార్గం

తినండి, తాగండి, మితిమీరవద్దు అన్నది ఖుర్ఆన్ 7వ సూరాలో ఉన్న ఆదేశం. తిండి మానమని లేదు. కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు ఊపిరికి విడిచిపెట్టాలన్న ప్రవక్త (స) బోధ తిర్మిజీ గ్రంథంలో ఉంది. మన ఇళ్ళలో మూడు వంతులూ బగారా అన్నానికే పోతున్నాయి! అతిథి వద్దంటున్నా వడ్డించడమే మర్యాద, పిల్ల చాలంటున్నా 'ఇంకొక ముద్ద తిను బేటా' అనడమే ప్రేమ అని మన అలవాటు. ఆకలి తీరిందని పిల్ల చెబితే వినడం కూడా ప్రేమే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజు తిండిలో సుమారు సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలి. మిగిలిన సగంలో ధాన్యం, పప్పు, మాంసం లేదా గుడ్డు, పాలు, పెరుగు రావాలి. మన పళ్ళెంలో ముక్కాలు భాగం అన్నమే, కూర అంచున ఉంటుంది. ముందు ఈ పాళ్ళు మార్చాలి. ఇందుకు ఖర్చేమీ లేదు.

మన సీమలో రాగి సంగటి ఉండనే ఉంది. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. 2023 మార్చిలో మన రాష్ట్రం బడిపిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టింది కూడా అందుకే. అయితే రాగి తింటే సన్నబడతారన్నది అపోహ. శక్తి లెక్కలో బియ్యానికీ రాగికీ పెద్ద తేడా లేదు. ముద్ద చిన్నదై, పక్కన ఆకుకూర పప్పో, అలసందల కూరో, అనపగింజల పులుసో ఎక్కువగా ఉంటేనే మేలు.

చిత్తూరు జిల్లా బెల్లానికీ, మామిడికీ పేరుపొందింది. బెల్లం చక్కెర కాదు కాబట్టి ఎంతైనా తినవచ్చునని మనవాళ్ళ నమ్మకం. ఒంటికి మాత్రం రెండూ దాదాపు ఒక్కటే. మామిడిపండు ఒకటి కోసుకుని తింటే పీచు ఉంటుంది, కడుపు నిండుతుంది. అదే మామిడి పేరుతో సీసాలో వచ్చే పానీయంలో కలిపిన చక్కెర ఎక్కువ. పావు లీటరు కూల్‌డ్రింకులో 25 గ్రాములకు పైగా, అంటే ఐదారు చెంచాల చక్కెర ఉంటుంది. అంతకుమించి తీపి రోజు మొత్తంలో పెద్దలకే మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పిల్లలకు దాహమైతే కుండ నీళ్ళు, ఉప్పు తక్కువ వేసిన పలుచని మజ్జిగ ఉన్నాయి. ఈ ఒక్క మార్పు చేసినా సగం దారి నడిచినట్టే.

ఆడపిల్లకు ఆట ఎక్కడ?

ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు రోజుకు కనీసం 60 నిమిషాలు ఒళ్ళు వంచి కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మగపిల్లలకు మైదానం ఉంది, సైకిలు ఉంది, ఐదు పూటలా మసీదుకు నడక ఉంది. ఆడపిల్లకు పన్నెండేళ్ళు రాగానే గుమ్మం దాటవద్దంటాం. దాటకుండా ఇంట్లో ఉంచి, చేతికి ఫోను ఇచ్చి, ఆపైన లావైపోతోందని నిందిస్తాం. ఇది న్యాయమా?

ప్రయాణంలో ఒకసారి మహాప్రవక్త (స) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారు. ఆమె గెలిచారు. కొంతకాలానికి ఆమె ఒళ్ళు చేశాక మళ్ళీ పందెం వేసి ఈసారి తాము గెలిచి, అప్పటి దానికి ఇది బదులని సరదాగా అన్నారు. అబూదావూద్ గ్రంథంలో ఉన్న ఉల్లేఖనమిది. ఒళ్ళు వచ్చిందని ఆయన ఎత్తిపొడవలేదు, మళ్ళీ పరుగుకు పిలిచారు. పర్దా పాటిస్తూనే మిద్దెమీద తాడాట ఆడవచ్చు. ఫజ్ర్ తర్వాత అమ్మీతోనో ఖాలాతోనో అరగంట నడవవచ్చు. బడిలో ఆటల పీరియడు ఉంటే మన పిల్లను కూర్చోబెట్టవద్దని టీచరమ్మకు చెప్పవచ్చు.

నిద్ర కూడా ముఖ్యమే. ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది. ఇషా తర్వాత కబుర్లు ప్రవక్త (స)కు ఇష్టం ఉండేవి కావు. మన ఇళ్ళలో ఇషా తర్వాతే ఫోన్లు తెరుచుకుంటాయి. ముందు అబ్బాజాన్ తన ఫోను పక్కన పెడితే పిల్లలు పెట్టడం సులువవుతుంది.

ఎంత తగ్గితే తగ్గినట్టు?

పెరిగే పిల్లల్లో చాలామందికి బరువు తగ్గనక్కరలేదు, ఇంకా పెరగకుండా ఆగితే చాలు. ఎత్తు పెరిగేకొద్దీ ఒళ్ళు తానే సర్దుకుంటుంది. తగ్గవలసినవారు డాక్టరు సలహాతో నెలకు అరకిలో, కిలో తగ్గినా అది మంచి ఫలితమే. కొంచెమైనా సరే, ఎడతెగకుండా చేసే పనే దైవానికి అత్యంత ప్రియమైనదని ప్రవక్త (స) చెప్పారు. ఈ సూత్రం ఆరాధనకే కాదు, ఆరోగ్యానికీ వర్తిస్తుంది.

మా వసారాలోని ఆ అమ్మాయి ఇంట్లో డాక్టరమ్మ సలహా మీద చేసింది ఇంతే. ఆమెకు ఒక్కదానికే వేరు వంట పెట్టలేదు, ఇంటిల్లిపాదీ పళ్ళెం మార్చుకున్నారు. కూల్‌డ్రింకు ఇంటికి రావడం మానేసింది. రక్తం మాత్రలు కొన్ని నెలలు వాడారు. నానీ, మనవరాలు కలిసి పొద్దున్నే నడిచారు. పేర్లు పెట్టి పిలవడానికి వీల్లేదని వాళ్ళ అబ్బా ఇంట్లో హుకుం వేశారు. ఏడాదికి ఆమె తగ్గింది మూడు కిలోలు, పెరిగింది ఒక అంగుళం. రక్తం పదకొండు దాటింది. పొడుల ప్రకటనల పక్కన ఇది చిన్న లెక్కే. కాని ఆ పిల్ల మళ్ళీ అందరితో కూర్చుని అన్నం తింటోంది. మాకు అదే పెద్ద లెక్క.

మేము కూడా ఆమెను పిలిచి, తెలియక మెచ్చుకున్నందుకు మన్నించమని అడిగాం. 'మీరేం చేశారు హజ్రత్, నేనే అబద్ధం చెప్పాను' అంది. పిల్లలు అబద్ధం ఊరికే చెప్పరు. నిజం చెబితే నవ్వే ఇంట్లో చెబుతారు. ఈ శుక్రవారం మీ ఇంటి దస్తర్‌ఖాన్ మీద ఏ బిడ్డ చెయ్యి వెనక్కు పోతోందో ఒకసారి చూడండి.

అల్లాహ్ మన బిడ్డలకు ఆరోగ్యాన్నీ, మన నాలుకలకు అదుపునూ ప్రసాదించుగాక! ఆమీన్.