నరకమనే పేరుగల ఊరు

దక్షిణ అమెరికాలోని పెరూ దేశానికి ఆగ్నేయ దిక్కున మాద్రె ద దియోస్ అనే మండలమున్నది. స్పానిష్ భాషలో ఆ మాటకు దేవమాత అని అర్థం. ఆ మండలంలోనే, తంబోపాతా నది ఒడ్డున, ఇన్ఫియెర్నో అనే ఒక ఊరున్నది. ఆ మాటకు అర్థం నరకం. దేవమాత ఒడిలో నరకమెట్లా వెలసిందా అని విన్నవారికి వింతగా తోచవచ్చు. అంతకంటె వింత మరొకటి ఉన్నది. ఆ ఊరివారి అడవిలో మూడు నాలుగు రోజులు గడపడానికి దూరదేశాల జనం విమానాలెక్కి, ఆ తరువాత పడవలెక్కి, డబ్బిచ్చి మరీ వస్తూ ఉంటారు.

వారు దిగే విడిది పేరు పొసాదా అమెజొనాస్. పొసాదా అంటే సత్రం. కొయ్య, వెదురు, అడవి ఆకుల కప్పు. అదే దాని కట్టడం. అక్కడి గదులకు మూడు వైపులనే గోడలుంటాయి. నాలుగవ వైపు అడవి. తెల్లవారుజామున కోతుల గర్జనలకు మేలుకొన్న యాత్రికుడు 30 మీటర్లకు పైబడిన గోపురమెక్కి, చెట్ల తలలపై మంచు విడిపోవడం చూస్తాడు. నది ఒడ్డున ఎర్రమట్టి గట్టుకు గుంపులుగా చేరి మట్టి తినే రామచిలుకలను చూస్తాడు. ఆ చిలుకలు తినే గింజలలోను పండ్లలోను దొరకని ఉప్పుసారం ఆ మట్టిలో ఉన్నదని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

ఇదంతా చూచి ఆనందించి యాత్రికుడు తన దేశానికి వెళ్లిపోతాడు. అతడు వెళ్లిన తరువాత ఆ అడవికి, ఆ అడవిలో ఉండేవారికి మిగిలేదేమిటి? ఈ వ్యాసానికి అదే ప్రశ్న.

మన భాషలో అతిథి అనే మాట ఉన్నది. రావడానికి ఒక తిథి అంటూ లేనివాడు అతిథి అని పెద్దలు చెప్పే వ్యుత్పత్తి. యాత్రికుడు అట్లాంటివాడు కాడు. అతడు తిథి చూచుకొని, టిక్కెట్టు కొనుక్కొని, ఇన్ని రోజులకు ఇంత అని చెల్లించి వస్తాడు. అతిథికి అన్నం పెట్టిన గృహస్థు తన ఇంటికి యజమానిగానే ఉంటాడు. డబ్బిచ్చి వచ్చిన యాత్రికుని ముందు ఆ ఇంటివాడు ఒక్కొక్కప్పుడు తన ఇంట్లోనే సేవకుడై పోతాడు. మరొకప్పుడు బోనులోని చిలుకవలె తానే చూడదగిన వస్తువై పోతాడు. లోకంలో అనేక చోట్ల ఆదివాసుల నివాసాలకు యాత్రలు మొదలయినప్పుడు జరిగింది ఇదే. విడిది ఒకరిది, లాభం ఒకరిది, నాట్యం మాత్రం ఆదివాసిది.

ఇన్ఫియెర్నో చరిత్ర వేరుగా నడిచినది. అందుకే దానిని గురించి చెప్పుకోవలసి వచ్చినది.

ఆ ఊరిలోని మూలవాసులు ఎసె ఎహా జాతివారు. వారి భాషలో ఆ పేరుకు నిజమైన మనుషులు అని అర్థం చెబుతారు. తమ పూర్వులు పత్తితో పేనిన తాడు పట్టుకొని ఆకాశం నుండి ఈ నది తలాపున దిగారని వారి పురాణం. తంబోపాతాను వారు బహువాహా అంటారు. పందొమ్మిదవ శతాబ్దం చివర రబ్బరుపాల కోసం బయటివారు ఆ అడవులలో ప్రవేశించినప్పుడు, వారి వెంట రోగాలూ వచ్చాయి, వెట్టిచాకిరీ వచ్చింది. జాతి క్షీణించినది. 1974లో పెరూ ప్రభుత్వం ఆదివాసి సంఘాలకు భూమిహక్కునిచ్చే చట్టం చేసిన తరువాత, 1976లో ఇన్ఫియెర్నోకు తన భూమిపై పట్టా వచ్చింది. అది దాదాపు 10,000 హెక్టార్ల నేల. ఎసె ఎహాలతో పాటు, ఆండీస్ కొండలనుండి దిగివచ్చిన వలసకాపులు, నదీతీరాన తరతరాలుగా ఉంటున్న మిశ్రజాతివారు కూడ ఆ సంఘంలో సభ్యులే.

అప్పట్లో వారి బ్రతుకు తెరువేమిటి? అడవిలో కొంత భాగం నరికి, కాల్చి, అరటి, కర్రపెండలం వేసేవారు. మన మన్యంలో పోడు అనే పద్ధతి వంటిదే ఇది. చేపలు పట్టేవారు, వేటాడేవారు, వానకాలంలో బ్రెజిల్ కాయలు ఏరి అమ్మేవారు. ఈ బ్రెజిల్ కాయచెట్టు సంగతి విద్యార్థులు గమనించదగినది. దాని పూవు మూత బిగించిన భరిణె వంటిది. బలిష్ఠమైన పెద్ద తేనెటీగలే ఆ మూత లేపి లోపలికి పోగలవు. ఆ ఈగలు బ్రతకడానికి చుట్టూ నిండైన అడవి కావాలి. చుట్టుపక్కల అడవి నరికి ఆ ఒక్క చెట్టును మాత్రం నిలబెడితే, చెట్టు ఉంటుంది గాని కాపు తగ్గిపోతుంది. అడవిని ముక్కలుగా కాక మొత్తంగా నిలుపుకోవాలని ఆ చెట్టే చెబుతున్నది.

1996లో ఆ సంఘం రెయిన్‌ఫారెస్ట్ ఎక్స్‌పెడిషన్స్ అనే పెరూ సంస్థతో ఒక ఒప్పందం వ్రాసుకొన్నది. గడువు 20 ఏళ్లు. సంఘం భూమిలో విడిది కట్టాలి. లాభంలో నూటికి 60 వంతులు సంఘానికి, 40 సంస్థకు. కాని ఈ లెక్కకంటె ముఖ్యమైన షరతు మరొకటి ఉన్నది. నిర్ణయాలలో ఇద్దరిదీ సరిసగం పాలు. ఊరివారు తమలోనుండి కొందరిని ఎన్నుకొని ఒక పర్యవేక్షక సంఘమేర్పరచారు. విడిది నిర్వహణలో ఆ సంఘం మాట చెల్లవలసిందే. ఊరివారు కూలికి పనిచేయడంతో సరిపెట్టుకోకుండా, లెక్కలు, నిర్వహణ, మార్గదర్శనం కూడ నేర్చుకోవాలనీ, గడువు ముగిసిన తరువాత విడిది సంఘానికే చెందాలనీ ఉద్దేశం. 1998లో విడిది తలుపులు తెరిచారు.

ఏ స్థలాలకు యాత్రికులను తీసికొనిపోవచ్చు, ఏ స్థలాలకు పోరాదు అనే విషయం ఊరివారే కూర్చుండి చర్చించుకొన్నారు. ఇల్లుగలవాడు చేయవలసిన మొదటి పని అదే గదా! వీధి అరుగు ఎవరికి, వంటిల్లు ఎవరికి అని చెప్పగలిగినవాడే గృహస్థు.

ఈ ఏర్పాటువల్ల అడవి జంతువుల విలువ మారింది. హార్పీ అనే గరుడపక్షి ప్రపంచంలోని బలమైన డేగలలో ఒకటి. అది రెండు మూడేండ్లకు ఒక పిల్లను మాత్రమే పెంచుతుంది. దాని గూడు చూడడానికి యాత్రికులు ఎంత దూరమైనా నడుస్తారు. కనుక గూడున్న చెట్టును కాపాడిన కుటుంబానికి కొంత ముట్టే పద్ధతి పెట్టారు. ఇక ఆ చెట్టు నరికి కలప చేసేకంటె నిలబెట్టుకోవడమే లాభమయినది. త్రెస్ చింబదాస్ అనే సరస్సులో పెద్ద నీటికుక్కలున్నాయి. నది దారి మార్చుకొన్నప్పుడు విడివడిన పాత పాయ అది. తోలు కోసం జరిగిన వేటవల్ల 1970 ప్రాంతానికి ఈ జంతువు పెరూలో దాదాపు అంతరించిపోయింది. ఈనాడు ఆ సరస్సులో కొంత భాగంలోనికి యాత్రికుల పడవలు పోకూడదని కట్టుబాటు.

లాభంలో వచ్చిన పాలు కొంత కుటుంబాలకు పంచారు. కొంత ఉమ్మడి పనులకు, అనగా పాఠశాలకు, మంచినీటికి, ఆపదలో ఉన్నవారి సహాయానికి వినియోగించారు.

ఇంతటితో కథ ముగిసినదనుకొంటే అది పురాణమవుతుంది గాని చరిత్ర కాదు. ఆమండా స్ట్రాంజా అనే మానవశాస్త్రవేత్త ఆ ఊరిని అనేక సంవత్సరాలు పరిశీలించి, 2007లో ఒక వ్యాసం ప్రచురించారు. విడిదిలో ఉద్యోగం దొరికినవారికి పొలం కొట్టడానికి, వేటకు పోవడానికి తీరిక తగ్గినది. అది అడవికి మేలే. కాని చేతిలో డబ్బు పెరిగినకొద్దీ కొనాలనే కోరికలూ పెరిగాయి. సాగును విస్తరించే శక్తి కూడ వచ్చింది. అంటే సంపాదన ఒక్కటే అడవిని కాపాడదని ఆమె పరిశీలన వలన తేలుతున్నది.

2003లో మరొక మంచి పని జరిగినది. ఇటువంటి విడుదులే నడుపుతున్న మరి రెండు సంఘాలవారు, ఇన్ఫియెర్నోవారు ఒకరి ఊరికి మరొకరు వెళ్లి, కష్టసుఖాలు చెప్పుకొన్నారు. ఒకటి ఈక్వడార్‌లోని అచువార్ జాతివారిది. 1996లో తెరిచిన వారి కపావీ విడిదిని, దానిని కట్టిన సంస్థ గడువుకు ముందే, 2008లో, వారికి అప్పగించినది. రెండవది బొలీవియాలోని సాన్ హొసె ద ఉచుపియామొనాస్ అనే ఊరివారిది. వారి చలలాన్ విడిది 2001లోనే పూర్తిగా ఊరివారి సొత్తయినది.

మీకు కలిగిన మేలేమిటని అడిగితే ఈ మూడు సంఘాలవారు డబ్బు సంగతి ఒక్కటే చెప్పలేదు. నలుగురిలో నిలబడి మాట్లాడే ధైర్యం వచ్చిందన్నారు. లెక్కలు చూడడం, సభ నడపడం నేర్చుకొన్నామన్నారు. ఆపదలో పలుకరించే స్నేహితులు దూరదేశాలలో ఏర్పడ్డారన్నారు. నష్టమేమిటని అడిగితే అదీ దాచలేదు. ఇంటివారితో గడిపే కాలం తగ్గింది. ఒకరి పనికి మరొకరు ఉచితంగా సాయపడే అలవాటు సన్నగిల్లింది. పొరుగువాని సంపాదన చూచి కుళ్లుకొనడం కొత్తగా వచ్చింది. చేబదులుగా చెల్లే చాకిరికి ఒకసారి వెల కట్టిన తరువాత మళ్లీ వెల లేనిదిగా చేయడం కష్టమని మన పల్లెలెరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

బయటనుండి వచ్చే ప్రమాదాలు వేరు. బ్రెజిల్‌నుండి పెరూ సముద్రతీరానికి వేసిన మహారహదారి ఆ మండలం మీదుగా పోతున్నది. 2011లో ప్వెర్తొ మాల్దొనాదొ పట్టణం వద్ద నదిపై వంతెన తెరిచారు. దారి వచ్చినచోటికి బంగారం త్రవ్వేవారూ వచ్చారు. ఇసుకనుండి బంగారాన్ని వేరుచేయడానికి వారు వాడే పాదరసం నీటిలో కలిసి, చేపలలో చేరి, చేపలు తినే మనుషుల ఒంటిలో చేరుతున్నది. లా పంపా అనే ప్రాంతంలో అడవి పోయి బురదగుంటలు మిగిలాయి. 2019 ఫిబ్రవరిలో ప్రభుత్వం పోలీసులను, సైన్యాన్ని పంపి అక్కడివారిని ఖాళీ చేయించినది.

ఆ మరుసటి ఏడే, 2020 మార్చిలో, మహమ్మారి కారణంగా పెరూ తన సరిహద్దులు మూసివేసినది. యాత్రికుల రాక ఆగిపోయింది. యాత్రలపైనే ఆధారపడినవారికి ఆదాయం ఒక్కరోజులో ఆవిరయినది. చేపలు, అరటి, కర్రపెండలం, బ్రెజిల్ కాయలు మాత్రం ఏ విమానం కోసమూ ఎదురుచూడవు. యాత్రికుల సొమ్ము ఆ బ్రతుకుకు ఊతకర్రగా ఉండవచ్చు గాని కాలికి బదులు కాజాలదు. అడవిని చూడడానికి వచ్చే విమానాల పొగ భూమిని వేడెక్కించి ఆ అడవికే చేటు చేస్తున్నదన్న సంగతి కూడ మరువరానిది.

మరి ఇన్ని చిక్కులుండగా ఈ ఏర్పాటు మంచిదేనా? దానికి సమాధానం తంబోపాతా ఎగువ భాగాన దొరుకుతుంది. 1996లోనే అక్కడ ఒక మహా అభయారణ్యం ఏర్పడినది. దాని పేరు బహువాహా-సొనెనె. రెండూ ఎసె ఎహాలు తమ నదులకు పెట్టుకొన్న పేర్లు. కాని పేరు వారిదైనా ఆ నేలపై నిర్ణయాధికారం వారిది కాదు. తాతలు తిరిగిన చోట వారిప్పుడు ప్రభుత్వపు నియమాలకు లోబడవలసినవారు. దిగువన ఇన్ఫియెర్నోలో వారికి పట్టా ఉన్నది, పాలు ఉన్నది, కాదనే హక్కు ఉన్నది. తప్పు చేసినా తామే చేస్తారు, దిద్దుకొన్నా తామే దిద్దుకొంటారు.

విద్యార్థులను విహారయాత్రలకు తీసికొనిపోయే ఉపాధ్యాయులకు ఇందులో పనికివచ్చే పాఠమొకటి ఉన్నది. ఏ కొండకు పోయినా, ఏ అడవికి పోయినా, అక్కడ ఇచ్చిన రూపాయి ఎవరి చేతికి చేరుతున్నదని, వద్దనే అధికారం అక్కడివారికి ఉన్నదా అని పిల్లలచేత అడిగించవచ్చు. పుస్తకంలోని భూగోళం ఆ రెండు ప్రశ్నలతో ప్రాణం పోసుకొంటుంది.

త్రెస్ చింబదాస్ సరస్సులో, కట్టుబాటు పెట్టిన హద్దు దగ్గర, పడవ ఆగుతుంది. ఎంత డబ్బిచ్చి వచ్చినవాడైనా అక్కడినుండే చూడాలి. అవతల నీటికుక్కలు తమ పిల్లలకు చేపలు పట్టడం నేర్పుకొంటూ ఉంటాయి.