మూతిని చీల్చుకొని మొలిచే కోరలు

వరాహం తెలుగువారికి కొత్త జంతువు కాదు. కాకతీయులకు అది రాజలాంఛనం. విజయనగర కాలపు బంగారు నాణేనికి అదే పేరు. శిల్పి దానిని ఏ రాతిలో మలచినా ముట్టెకు ఇరుప్రక్కల కోరలు చూపక మానడు. మన అంబర్‌పేట్ వైపు మూసీ ఒడ్డున తిరిగే ఊరపందీ, నల్లమలలోనూ ఆదిలాబాదు అడవులలోనూ ఉండి రాత్రివేళ మొక్కజొన్న చేలను పాడుచేసే అడవిపందీ ఒకే జాతికి చెందినవి. ఈ పంది కోరలు పనిచేసే తీరు ముందుగా తెలుసుకొంటే, ఇండొనీషియా దీవులలోని మరొక పంది విచిత్రం సులభంగా బోధపడుతుంది.

ఏనుగు దంతాలకూ పంది కోరలకూ పోలిక పైకి మాత్రమే. ఏనుగు దంతాలు కుంతకాలు. పంది కోరలు రదనికలు. పరీక్షలలో విద్యార్థులు తరచు తారుమారు చేసే విషయమిది. అడవిపందికి మొత్తం 44 పళ్ళుంటాయి. అందులో రదనికలు నాలుగు. మన పళ్ళు ఒక హద్దువరకు పెరిగి, వేరుకొన సన్నబడగానే ఆగిపోతాయి. మగపంది కోరకు వేరుకొన మూసుకొనదు. కనుక అది పెరుగుతూనే ఉంటుంది. కింది కోర పొడవైనది, కత్తివంటిది. పైకోర పొట్టిది, లావైనది. అది కిందికి దిగక ప్రక్కకు తిరిగి పైకి వంగి ఉంటుంది. దవడ ఆడినప్పుడల్లా ఈ రెండూ ఒకదానితో ఒకటి రాచుకొంటాయి. ఈ రాపిడివల్ల కింది కోర పదునెక్కుతుంది. అంతేగాక, రెండూ హద్దుమీరి పెరగకుండా అరిగిపోతూ ఉంటాయి. పైకోర సానరాయి అనుకొంటే తప్పులేదు.

ఈ రాపిడి లేకపోతే ఏమగును? పసిఫిక్ మహాసముద్రంలోని వనువాటు దీవులవారికి ఇది ఏ పాఠ్యపుస్తకమూ చదవకుండానే తెలుసు. వారు మగపందికి పైకోరలు ఊడగొట్టి పెంచేవారు. ఎదుటి పన్ను లేని కింది కోర ఏళ్ళ తరబడి పెరిగి గుండ్రంగా చుట్టుకొని గాజువలె తయారవుతుంది. వారి సంప్రదాయంలో అది గొప్ప సంపద. 1980లో స్వతంత్రమైన ఆ దేశపు జెండామీద కూడా ఈ కోర ఉన్నది. పంది పడే బాధను జెండా చెప్పదు.

వనువాటులో మనిషి చేసిన పనిని సులవేసి ద్వీపంలో ప్రకృతి తానుగా, మరో మార్గాన చేసింది. సులవేసి, దాని దాపున గల తోగియన్, సులా, బురు దీవులు ‘బాబిరూసా’ అనే పందికి నివాసం. మలయ భాషలో ‘బాబి’ అనగా పంది, ‘రూసా’ అనగా జింక. కొమ్ములవలె నిలిచే కోరలను చూచి పెట్టిన పేరని అనుకోవచ్చు. 2002 నుండి శాస్త్రజ్ఞులు దీనిని పలు జాతులుగా విభజిస్తున్నారు. సులవేసి జాతికి ఒంటిమీద వెంట్రుకలు దాదాపు లేవు. బూడిదరంగు చర్మం ముడతలు పడి ఉంటుంది. పళ్ళు 34 మాత్రమే. ముట్టె చివర గట్టి ఎముక లేనందున మన పందివలె గట్టి నేలను పెళ్ళగించలేదు. బురదనేలలో వెదకుతుంది, రాలిన పండ్లు తింటుంది.

ఇక కోరల సంగతి. మగపిల్ల ఎదిగేటప్పుడు పైదవడలోని రదనిక కుహరం తిరిగిపోయి, దాని మూతి పైవైపుకు వస్తుంది. అందువల్ల పన్ను నోటిలోనికి దిగదు. ముట్టెమీది చర్మాన్ని చీల్చుకొని పైకి మొలుస్తుంది. తరువాత విల్లువలె వెనుకకు వంగి నుదుటివైపు సాగుతుంది. కింది కోరలు కూడా పైకే పెరుగుతాయి. కాని పైకోరలూ కింది కోరలూ ఎన్నడూ రాచుకొనవు. సానా లేదు, అరుగుదలా లేదు. ఆడదానికి ఈ కోరలు మిక్కిలి చిన్నవి, లేదా అసలే ఉండవు.

అడ్డులేని పెరుగుదల ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకం. కోరకొన నుదుటి చర్మాన్ని తాకి, దానిని దాటి కపాలాస్థిలోనికి చొచ్చుకొనిపోవచ్చు. అటువంటి కపాలాలు అరుదుగానైనా దొరికినవి. సామాన్యంగా అంతదూరం రాకముందే కోర విరిగిపోతుంది, అది పెళుసైనది.

ఇంతకూ ఈ కోరలు దేనికి? చెట్టుకొమ్మకు కోరలు తగిలించి తల ఆన్చుకొంటుందని ఒక పాత ఊహ. పొదలలో వెదకేటప్పుడు కళ్ళకు రక్షణ అని మరొకటి. సులవేసిలో సంచరించిన ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1869లో ప్రచురించిన గ్రంథంలో ఈ రెండవ ఊహకు చక్కని ఆక్షేపణ చెప్పాడు: ఆడదీ అదే పొదలలో ఆహారం వెదకుతుంది కదా, దానికి కోరలేవీ? ఒకప్పుడు ఈ కోరలకు పని ఉండి, వాడకంలో అరుగుతూ ఉండేవనీ, ఆ పని పోయాక ఇలా విపరీతంగా పెరిగినవనీ అతని అభిప్రాయం. 1981లో జాన్ మెకినన్, పైకోరలు ఎదిరి మగదాని కింది కోరలను పట్టి ఆపే డాలువంటివని ప్రతిపాదించాడు. కాని మగ బాబిరూసాలు వెనుకకాళ్ళమీద లేచి ముందుకాళ్ళతో గుద్దుకొనుట పరిశీలకులు చూచారు. ఆ పోరులో పైకోరల పాత్ర అంతగా కనబడదు. మగవాటికే ఉన్నవి గనుక నెమలి పింఛంవలె ఆడదాని ఎంపికకో, మగవాని హోదాకో సంబంధించినవని చెప్పుట నాకు సమంజసంగా తోస్తుంది. అయినా వివాదం తేలలేదు.

హాని చేసే అవయవాన్ని ప్రకృతివరణం ఏల తొలగించలేదని చురుకైన విద్యార్థి అడుగును. కోర నుదుటిని చేరుటకు చాలా ఏళ్ళు పట్టును. ఆలోగా ఆ మగది సంతానాన్ని కనియే ఉంటుంది. సంతానం కలిగిన తరువాత వచ్చే కీడుమీద వరణం పట్టు సడలిపోతుంది.

మన అడవిపంది ఒక ఈతలో నాలుగైదు పిల్లలను, అంతకు మించి కూడా పెడుతుంది. బాబిరూసా ఒకటి రెండింటినే. వేటకూ అడవుల నరికివేతకూ అంత నెమ్మదిగా పెరిగే జాతి తట్టుకొనలేదు. ఇండొనీషియాలో 1931 నుండి దీనికి చట్టరక్షణ ఉన్నా మాంసానికై వేట ఆగలేదు.

దక్షిణ సులవేసిలో లియాంగ్ తింపుసెంగ్ అనే గుహ గోడమీద ఆదిమానవులు గీచిన బాబిరూసా బొమ్మ ఉన్నది. దానిమీద పేరుకొన్న సున్నపు పొరను పరీక్షించి, బొమ్మ కనీసం 35,400 ఏళ్ళనాటిదని 2014లో ప్రకటించారు. ఆ చిత్రకారుడు గీచినది కోరలులేని ఆడ బాబిరూసాను.