ప్రక్కటెముకల నొప్పి: పట్టేసిందని ఎన్నాళ్ళు ఊరుకోవచ్చు?

"డొక్కలో పట్టేసిందండీ, ఊపిరి పీలిస్తే కలుక్కుమంటోంది." ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వినపడని ఇల్లు ఉండదు. వెంటనే ఇంట్లో ఒకరు గ్యాసు అంటారు, వాము నమలమంటారు. ఇంకొకరు వాతం అంటారు, కర్పూర తైలం వేడిచేసి మర్దనా చేస్తారు. ఎదురుకాళ్ళతో పుట్టినవారిని వెదికి, వారి చేత తన్నించుకునేవారూ లేకపోలేదు. ఈ చివరిది మాత్రం వద్దు. లోపల ఎముక బీటవారి ఉంటే ఆ తన్నుతో పూర్తిగా విరుగుతుంది. మిగతా వాటితో రెండు రోజుల్లో నొప్పి పోతే ఎవరి వైద్యాన్ని వారు మెచ్చుకోవచ్చు. మనం చెప్పుకోవలసింది పోని నొప్పి గురించి. రెండు మూడు వారాలైనా అక్కడే తిష్ఠ వేసుకున్న నొప్పి గురించి.

మనకు ఒక్కొక్క ప్రక్క 12 చొప్పున 24 ప్రక్కటెముకలు ఉన్నాయి. వెనుకవైపు అన్నీ వెన్నెముకకు అతుక్కుని ఉంటాయి. ముందువైపు పై 7 జతలు మృదులాస్థి ద్వారా రొమ్ము ఎముకను చేరతాయి. మృదులాస్థి అంటే చెవి దొప్పలో ఉండేటటువంటి, వంచితే వంగే మెత్తని ఎముక. 8, 9, 10 జతలు తమ పైదానిని పట్టుకుని వేలాడతాయి. చివరి రెండు జతలకు ముందువైపు ఆధారమే లేదు. ఈ గూడు ఒక్క క్షణం ఊరుకోదు. నిముషానికి 15 సార్లు ఊపిరి తీసుకుంటామనుకున్నా రోజుకు 21,600 సార్లు కదులుతుంది. చెయ్యి బెణికితే మెడకు వేలాడదీసి విశ్రాంతి ఇవ్వవచ్చు, ప్రక్కటెముకకు ఎలా ఇస్తాం? అందుచేతనే ఇక్కడ చిన్న దెబ్బయినా మానడానికి వారాలు పడుతుంది. కాబట్టి నొప్పి చాలాకాలం ఉన్నంత మాత్రాన పెద్ద జబ్బేనని హడలిపోనక్కరలేదు.

గ్యాసు బండ బరువు ఎంతో ఎప్పుడైనా ఆలోచించారా? లోపలి గ్యాసు 14.2 కిలోలు, ఇనుప బండ దాదాపు అంతే. దానిని ఒక ప్రక్కకు ఒరిగి లాగిన మర్నాడు ఎముకల నడుమ కండరాలు నొప్పెట్టడంలో వింత లేదు. పిల్లవాణ్ణి ఎప్పుడూ ఒకే చంకలో ఎత్తుకోవడం, వారం రోజులు విడవకుండా దగ్గడం కూడా ఇదే పని చేస్తాయి. ఎముకా మృదులాస్థీ కలిసే చోట వాపు వల్ల వచ్చే నొప్పి మరొకటి. రొమ్ము ఎముక ప్రక్కన వేలితో నొక్కితే "అమ్మా" అనిపిస్తుంది. అక్కడ ఉబ్బు కూడా కనిపిస్తే దానిని టీట్జ్ జబ్బు అంటారు. 1921లో టీట్జ్ అనే జర్మన్ శస్త్రవైద్యుడు దీనిని వర్ణించాడు. బాధ పెడుతుందే గాని ప్రాణం తీయదు. వేడి కాపడం, బరువులు ఎత్తకపోవడం, అవసరమైతే పారాసిటమాల్, వీటితో క్రమంగా తగ్గుతుంది. అయితే నొక్కితే నొప్పెట్టినంత మాత్రాన గుండె జబ్బు కాదని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి సుమా. ఆ తీర్పు ఇ.సి.జి. చూసినవారు చెప్పవలసినది.

అరవై దాటిన ఆడవారి సంగతి వేరు. వారి ఎముకలు గుల్లబారి ఉండడం వల్ల గట్టిగా దగ్గినా ప్రక్కటెముక బీటవారవచ్చు. "నేనెక్కడా పడలేదే" అంటారు. మొదటి ఎక్స్-రేలో కూడా కనిపించకపోవడం కద్దు. ఇలాంటప్పుడు రొమ్ము చుట్టూ గుడ్డ బిగించి కట్టడం పాత అలవాటు. ఇప్పుడు వైద్యులు అలా చేయనివ్వరు. ఊపిరి పైపైన పీలుస్తూంటే ఊపిరితిత్తుల అడుగున కఫం పేరుకుని న్యుమోనియా వస్తుంది. నొప్పికి తగిన మాత్ర వేసుకుని, గంటకోసారి లోతుగా ఊపిరి తీసుకోవాలి. దగ్గు వస్తే చిన్న దిండు ప్రక్కకు అదిమి పట్టుకుని దగ్గాలి. ఆరు వారాలు ఓపిక పట్టాలి.

ఇక మన దేశంలో మరచిపోరానిది క్షయ. ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరకు క్షయ సోకితే మొదట డొక్కలో సూదితో పొడిచినట్టు నొప్పి వస్తుంది. సాయంకాలం ఒళ్ళు వెచ్చబడుతుంది, ఆకలి ఉండదు. కొన్నాళ్ళకు విచిత్రం జరుగుతుంది: నొప్పి తగ్గిపోతుంది! మర్దనా పనిచేసిందని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. నిజానికి పొరల మధ్య నీరు చేరి, అవి ఒరుసుకోవడం మానేశాయి, అంతే. మేడమెట్లు ఎక్కుతూంటే ఆయాసం రావడం మొదలైనప్పుడు గాని సంగతి తెలియదు. నొప్పి తగ్గి ఆయాసం పెరిగితే అది గుణం కాదు. ఈ రకం క్షయలో దగ్గు, తెమడ లేకపోవచ్చు గనుక ఎక్స్-రే తప్పదు, నీరు తీసి పరీక్షించవలసి రావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రులలో క్షయకు మందులు ఉచితం. సాధారణంగా ఆరు నెలలు వాడాలి, నెమ్మదించిందని మధ్యలో మానరాదు.

ఒక ప్రక్కనే, వీపు నుంచి రొమ్ము దాకా పట్టీలాగా మంట పుడుతూ, చీర తగిలినా ఓర్వలేకపోతే అది సర్పి కావచ్చు. బొబ్బలు రావడానికి రెండు మూడు రోజుల ముందే నొప్పి మొదలవుతుంది. బొబ్బలు లేచిన 72 గంటల లోపల మందు ప్రారంభిస్తే మంచి ఫలితం ఉంటుంది. వాటిపై కాపడం, తైలం పనికిరావు. మన ఆడవారు బిడియంతో చీర మీదనుంచే నొప్పి చూపిస్తారు, డాక్టరుగారు అలాగే చూసి మాత్ర రాసి పంపుతారు. నర్సును తోడుగా ఉంచమని అడిగి, చర్మం చూపించండి.

కుడి ప్రక్క చివరి ఎముకల క్రింద, నూనె వంటకాలు తిన్న తరువాత నొప్పి వచ్చి కుడి భుజం వైపు పాకితే పిత్తాశయంలో రాళ్ళను అనుమానించాలి. వెనుక డొక్కలో మొదలై గజ్జల్లోకి దిగే నొప్పి మూత్రపిండంలో రాయిది కావచ్చు.

ఇవి కాక, క్షణం ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. రొమ్ము మీద బండ పెట్టినట్టు బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి వస్తే స్కూటరెక్కి బయలుదేరవద్దు, 108కి ఫోన్ చేయండి. చక్కెర వ్యాధి ఉన్నవారిలో గుండె నొప్పి ఇంత స్పష్టంగా రాదు. వట్టి ఆయాసంగానో, నీరసంగానో రావచ్చు. ఆపరేషనో ప్రసవమో అయిన కొద్ది రోజులకు ఒక కాలు వాచి, హఠాత్తుగా డొక్కలో పోటు, ఎగశ్వాస వచ్చినా ఇంతే. దెబ్బ తగిలాక ఊపిరాడకపోయినా, దగ్గితే రక్తం పడినా ఇంట్లో ఉండరాదు.

జ్వరంతో కూడిన నొప్పి అయితే ఆ రోజే చూపించుకోండి. రాత్రిళ్ళు నిద్రలేపే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, ఎముక మీద గడ్డ, పూర్వం కాన్సరుకు చికిత్స పొంది ఉండడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ వారంలోనే వెళ్ళాలి. మరేమీ లేకపోయినా రెండు వారాలు దాటితే ఒకసారి చూపించుకోవడం మంచిది. అంతవరకు మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొని మింగుతూ కాలక్షేపం చేయకండి. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి వాటిలో కొన్ని హాని చేస్తాయి. వెళ్ళేటప్పుడు పాత ఎక్స్-రేలు, వాడుతున్న మందుల చీటీలు తీసుకువెళ్ళండి. నొప్పి ఎప్పుడు మొదలైందో, ఊపిరితో పెరుగుతుందో, నడకతో పెరుగుతుందో, తిండితో పెరుగుతుందో ఇంట్లోనే గమనించి ఒక కాగితం మీద రాసుకోండి. డాక్టరుగారు మొట్టమొదట అడిగేది అదే.