డాబా మీద గది... ఏది వేస్తే మేలు?

ఏ వీధిలోకి వెళ్లినా కనిపించేదే. ఒకంతస్తు డాబా. పైన పిల్లర్ల నుంచి మొలిచినట్టు తుప్పు పట్టిన ఇనుప చువ్వలు. రెండు చువ్వల మధ్య తీగ కట్టి ఆరేసిన బట్టలు. ఇల్లు కట్టిననాడు చేతిలో డబ్బయిపోయి, 'పైది తర్వాత చూసుకుందాంలే' అని వదిలేసిన గుర్తులవి.

ఆ 'తర్వాత' ఓ రోజు వచ్చేస్తుంది. అబ్బాయికి పెళ్లి కుదురుతుంది. కింద ఉన్నవి రెండు పడగ్గదులు. ఒకదాంట్లో నానమ్మ. 'పైన ఓ గది వేయించేద్దామండీ' అంటుంది ఇల్లాలు. మేస్త్రి వస్తాడు. డాబా మీద నాలుగడుగులు వేసి, కాలితో ఓసారి తట్టి చూస్తాడు. 'ఎందుకు ఆగదు సార్, బ్రహ్మాండంగా ఆగుతుంది' అంటాడు. మర్నాడే ఇటుక లారీ గుమ్మం ముందుంటుంది.

మేస్త్రి అబద్ధం చెప్పాడని కాదు. శ్లాబు లోపల ఏ చువ్వ ఎంత దూరంలో ఉందో, పిల్లరు కింద పునాది ఎంత లోతుకు వెళ్లిందో కాలితో తట్టి చెప్పడం ఎవరి వల్లా కాదు. పడగ్గదిలో పడుకునేవాళ్ల నెత్తిమీద ఎన్ని టన్నులు పెడుతున్నామో ఇంటివాళ్లు లెక్క వేసుకోవాల్సింది ఇటుక దిగకముందే.

గదిని తూకం వేస్తే...

పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న గది ఒకటి అనుకోండి. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు కడితే నాలుగు గోడల బరువే సుమారు 19 టన్నులు. (తలుపులు, కిటికీల ఖాళీలు తీసేస్తే కొంత తగ్గుతుంది, ప్లాస్టరింగ్ కలిపితే మళ్లీ పెరుగుతుంది.) గోడను నాలుగున్నర అంగుళాలకు తగ్గిస్తే అందులో సగం. పైన అయిదంగుళాల శ్లాబు వేస్తే ఇంకో నాలుగు టన్నుల పైమాటే. అంటే మామూలుగా 'ఒక్క గదే కదా' అనుకునేది, తొమ్మిదంగుళాల గోడలతో, శ్లాబుతో కడితే 23 టన్నులకు పైగా తూగుతుంది.

మరి కింది శ్లాబు దేనికి తయారైంది? మనుషులు ఎక్కి తిరిగే డాబాకు చదరపు మీటరుకు 150 కిలోల బరువు లెక్కన డిజైన్ చేయాలని మన దేశపు ప్రమాణాలు చెబుతాయి. పన్నెండు బై పన్నెండు జాగాకు అది రెండు టన్నులు. బట్టలారేసుకోవడానికి, వడియాలు పెట్టుకోవడానికి, వేసవి రాత్రి పక్కలు వేసుకోవడానికి చాలినంత. దాని నడిమధ్యన ఇటుక గోడ లేపితే శ్లాబు కిందికి వంగుతుంది, పగుళ్లిస్తుంది. అందుకే ఇంజినీర్లు మొట్టమొదట అడిగే ప్రశ్న: 'గోడ కింద బీము ఉందా?' బీము ఉంటే బరువు దానిమీదుగా పిల్లర్లలోకి, పునాదిలోకి దిగిపోతుంది. లేకపోతే దిగడానికి దారి లేదు.

ఇంటి జాతకం

పిల్లర్లు, బీములతో కట్టిన ఇల్లయితే పాత ప్లాను బీరువాలోంచి తీయాల్సిందే. అందులో పునాది కొలతలు, చువ్వల లెక్క ఉంటాయి. ప్లాను లేకపోతే ఒక మూల పిల్లరు పక్కన గొయ్యి తవ్వి చూడటం చౌకైన మార్గం. పునాది ఎంత వెడల్పో, ఎంత లోతుందో కళ్లకు కనిపిస్తుంది. కాంక్రీటు గట్టితనం తెలుసుకోవడానికి హ్యామర్ పరీక్ష, శబ్ద తరంగాలు పంపే పరీక్ష ఉన్నాయి. ఇంజినీరింగ్ కాలేజీల్లోనూ, ప్రైవేటు ల్యాబుల్లోనూ చేస్తారు. పెళ్లి శుభలేఖలకయ్యే ఖర్చుతో పోల్చుకుని, ఇదొక దండగ అనుకోకుండా ఉంటే మంచిది.

పిల్లర్లు లేకుండా గోడల మీదే శ్లాబు వేసిన పాత ఇళ్ల సంగతి వేరు. వాటిలో గోడే పిల్లరు, గోడే బీము. పైగోడ కచ్చితంగా కింది గోడ మీదే నిలబడాలి. కింద హాలు ఉన్నచోట పైన గోడ లేపుతానంటే కుదరదు. నేల కూడా చూసుకోవాలి. గుంటూరు వైపు నల్లరేగడి నేలలు వానాకాలం ఉబ్బుతాయి, ఎండాకాలం బీటలిస్తాయి. తక్కువ లోతు పునాదులున్న ఇళ్లు ఇప్పటికే ఆ కదలికకు గోడల మీద ఏటవాలు పగుళ్లు చూపిస్తుంటాయి. అలాంటి ఇంటిమీద అదనపు బరువు మాట ఇంజినీరు ఒప్పుకున్నాకే.

ఇక ఆ చువ్వలు... ఏళ్ల తరబడి వానకు నానినవి పొరలు పొరలుగా ఊడుతుంటాయి. తుప్పు ఇనుమును ఉబ్బిస్తుంది. ఉబ్బిన చువ్వ పిల్లరు తలను చీలుస్తుంది. వైరు బ్రష్‌తో గీకి చూస్తే లోపల ఎంత మిగిలిందో తెలుస్తుంది. 12 ఎంఎం చువ్వకు కొత్తది కలపాలంటే సుమారు రెండడుగుల పొడవు పక్కపక్కన ఉండాలి. జానెడు ముక్క మిగిల్చి కోసేసిన చోట్ల, కాంక్రీటుకు రంధ్రం చేసి రసాయన జిగురుతో కొత్త చువ్వ దించే పద్ధతి ఉంది. అది అనుభవమున్నవాళ్లు చేయాల్సిన పని.

ఇటుకా... రేకా?

ఇల్లు మోయగలదని తేలాకే ఏ రకం గది అన్న ప్రశ్న. పునాది, పిల్లర్లు రెండంతస్తులకు సరిపోయేలా వేసి ఉంటే శ్లాబు గదిని మించింది లేదు. రేపు దానిమీదా తిరగొచ్చు, చెమ్మకు, శబ్దానికి, గాలికి భయం లేదు. కానీ ఆ స్తోమత లేని ఇంటికి దాన్ని తగిలించడం అప్పు చేసి ఆపద కొనుక్కోవడమే.

మధ్యే మార్గంగా ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్నవి ఏఏసీ ఇటుకలు. తెల్లగా, పెద్దగా, చేత్తో పట్టుకుంటే ఇంతేనా అనిపించేంత తేలిక. ఎర్ర ఇటుక బరువులో మూడో వంతు మాత్రమే. అదే గదిని ఆరంగుళాల ఏఏసీ గోడలతో కడితే నాలుగైదు టన్నుల్లో తేలిపోతుంది. నీళ్లు పీల్చే గుణం ఉంది కాబట్టి బయటివైపు ప్లాస్టరింగ్, పెయింటు అశ్రద్ధ చేయకూడదు. బరువైన అల్మారాలు వేలాడదీసే చోట మామూలు మేకు పట్టదు, తగిన ఫాస్టెనర్లు వాడాలి.

పైకప్పుకు ఇనుప పైపులు, రంగు రేకులు వేస్తే కప్పు బరువు అర టన్ను కూడా దాటదు. పది రోజుల్లో గది లేచిపోతుంది. రేపు వద్దనుకుంటే విప్పేయొచ్చు కూడా. బలహీనమైన ఇంటికి ఇదే తగినది. అయితే రెండు శత్రువులున్నాయి... గాలి, వేడి.

గాలి మాట కోస్తావాళ్లకు చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు ఎన్ని రేకులు గాల్లో ఎగిరాయో చూసినవాళ్లు మరచిపోరు. విశాఖలో కట్టడాలను సెకనుకు 50 మీటర్ల గాలివేగాన్ని, అంటే గంటకు 180 కిలోమీటర్లను లెక్కలోకి తీసుకుని డిజైన్ చేయాలంటాయి ప్రమాణాలు. హైదరాబాద్‌కు అది సెకనుకు 44 మీటర్లు. రేకు కప్పును కిందికి నొక్కే బరువు ఉండదు, గాలి పైకి లాగుతుంది. కాబట్టి పైపుల కాళ్లు పిట్టగోడ మీద ఆనించి సిమెంటు పూస్తే చాలదు. కింది బీముల్లోకి బోల్టులతో బిగించాలి. రేకు అంచుల దగ్గర స్క్రూలు దగ్గరదగ్గరగా పడాలి, ఎందుకంటే గాలి మొదట లేపేది అంచులనే. సిమెంటు రేకులు చౌకే కానీ, వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. కోసినప్పుడు, విరిగినప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు హానికరం. మనుషులు పడుకునే గదికి అవి వద్దు.

వేడికి మందు: రెండు రేకుల మధ్య నురుగు నింపిన పఫ్ ప్యానెళ్లు. లేదా రేకు కింద కాస్త ఖాళీ వదిలి ఫాల్స్ సీలింగ్. ఆ ఖాళీకి అటూ ఇటూ గాలి ఆడే కంతలు ఉండాలి, లేకపోతే అదీ కుంపటే. శ్లాబు గదికీ పైన తెల్లటి కూల్ పెయింటు వేస్తే ఎండ చాలావరకు తిరిగిపోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే ప్రత్యేకంగా కూల్ రూఫ్ విధానం తెచ్చింది. బంగళా పెంకు అందం వేరు, చల్లదనమూ వేరు. కానీ కింది పట్టీలతో కలిపి చదరపు మీటరుకు 65 కిలోల దాకా వస్తుంది. రేకు లెక్కలో అది వేయలేం.

అటక గదిగా మారితే

పెంకుటిళ్లున్న వాళ్లకు డాబా లేకపోయినా అటక ఉంటుంది. గోదావరి జిల్లాల పాత ఇళ్లలో చింతపండు కుండలు, ఇత్తడి గంగాళాలు ఉండే చోటు. దాన్ని పిల్లల చదువు గదిగా మార్చాలన్న సరదా ఈమధ్య బాగానే కనిపిస్తోంది. దూలం కింద నిటారుగా నిలబడే ఎత్తుందా? చెక్కలకు చెద పట్టిందా? అటక పలకలు సామాను మోయడానికి వేసినవి, పిల్లలు గెంతడానికి కాదు. దూలాలను వడ్రంగి ఒక్కొక్కటీ కొట్టి చూశాకే మిగతా ముచ్చట్లు.

లండన్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లు చేసేదీ ఇదే. అక్కడ కప్పును అలాగే ఉంచి అద్దాల కిటికీలు పొదగొచ్చు, లేదా కప్పును బయటికి పొడిగించి నిలువు కిటికీతో ఎత్తు సంపాదించొచ్చు. ఇంగ్లండ్‌లో మామూలుగా వరుస ఇళ్లకు 40 ఘనపు మీటర్లు, విడి ఇళ్లకు, జంట ఇళ్లకు 50 ఘనపు మీటర్ల వరకు పెంచుకోవడానికి, ఇతర షరతులకు లోబడితే, ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు. కానీ నేల బలం, మంటల నుంచి తప్పించుకునే దారి వంటివి పరిశీలించే ఆమోదం మాత్రం తప్పదు.

నైరుతి మూల కింద ఏముంది?

మన దగ్గర మేస్త్రి కన్నా ముందు పిలిచేది వాస్తు సిద్ధాంతిని. పైగది నైరుతిలో ఉండాలి, ఈశాన్యంలో బరువు పెట్టకూడదు అంటారు. నమ్మకం ఉన్నవాళ్లు పాటించుకోవచ్చు. ఆ నైరుతి గది గోడల కింద బీములున్నాయో లేవో మాత్రం సిద్ధాంతి చెప్పడు. ఇద్దరినీ ఒకే రోజు పిలిచి కూర్చోబెడితే సగం గొడవ తగ్గుతుంది.

అనుమతి సంగతీ అంతే. 'రేకులే కదా' అనుకుంటారు చాలామంది. గోడలు లేచి, తలుపు పెట్టి మనుషులుంటే అది గదే. తెలంగాణలో 2020 నుంచి టీఎస్-బీపాస్ చట్టం కింద, ఆంధ్రలోనూ దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. వార్డు ప్లానింగ్ సిబ్బందిని ముందే కనుక్కుంటే, తర్వాత నోటీసు పట్టుకుని తిరిగే పని ఉండదు. అపార్ట్‌మెంటు పైన పెంట్‌హౌస్ వేస్తానని బిల్డరు అంటే మాత్రం అడ్డుచెప్పాల్సిందే. ఆ టెర్రస్ అందరి ఉమ్మడి ఆస్తి.

మెట్లు ఎటునుంచి అన్నది ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవాలి. బయటి నుంచైతే రేపు అద్దెకిచ్చుకోవచ్చు. లోపలి నుంచైతే కొత్త కోడలు రాత్రివేళ మంచినీళ్ల కోసం వర్షంలో తడుస్తూ కిందికి రానక్కర్లేదు. లోపలి మెట్లకు శ్లాబు కోయాల్సి వస్తుంది. ఎక్కడ పడితే అక్కడ కోస్తే చువ్వలు తెగుతాయి కాబట్టి అదీ ఇంజినీరు గీసిన గీత మీదే జరగాలి.

చివరగా నీళ్ల ట్యాంకు. గది వస్తే ట్యాంకు దాని నెత్తిమీదకి ఎక్కాల్సిందే. వెయ్యి లీటర్లంటే టన్ను బరువు. రేకుల గదయితే ట్యాంకుకు విడిగా స్టాండు, దాని కాళ్ల కింద పిల్లర్లు చూసుకోవాలి. వాన నీటి గొట్టాలు కొత్త గోడల కింద మూసుకుపోయాయా అన్నది తొలకరికి ముందే రెండు బకెట్ల నీళ్లు పోసి చూస్తే తెలిసిపోతుంది.