ఔత్సాహికునికి ఏ కెమెరా తగును?

ఛాయాచిత్రకళపై అభిరుచి గల విద్యార్థి డిజిటల్ కెమెరా కొనదలచినపుడు మొదట ఎదురయ్యేది ప్రకటనల ఆర్భాటం. మెగాపిక్సెళ్ళు ఎన్ని ఎక్కువైతే కెమెరా అంత గొప్పదన్న భ్రమ అందరిలోను వ్యాపించి ఉన్నది. తండ్రి కష్టార్జితమో, ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన సొమ్మో వెచ్చించుటకు ముందు ఈ భ్రమను తొలగించుకొనుట అవసరమని మేము తలుస్తున్నాము.

'కెమెరా' అన్న లాటిన్ మాటకు గది అని అర్థం. రమారమి వెయ్యేండ్ల క్రిందట ఇబ్న్ అల్ హైసమ్ అనే శాస్త్రజ్ఞుడు చీకటి గదిలోనికి రంధ్రం గుండా దీపాల వెలుగును పంపి, అది ఎదుటి గోడపై పడే తీరును పరిశీలించి, తన అరబ్బీ గ్రంథమైన 'కితాబుల్ మనాజిర్'లో వివరించాడు. నేటి కెమెరా కూడ ఆ గదియే. సెన్సారు దాని గోడ. లెన్సు దాని రంధ్రం. చిత్రానికి ఎంత కాంతి దక్కుతుందన్నది ముఖ్యంగా ఈ రెంటిపై ఆధారపడును.

మెగాపిక్సెలు అనగా పది లక్షల బిందువులు. 1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ నిర్మించిన తొలి డిజిటల్ కెమెరా చిత్రంలో ఉన్నవి కేవలం 10,000 బిందువులు. ఒక్క చిత్రాన్ని క్యాసెట్ టేపుపై నమోదు చేయుటకు దానికి 23 సెకండ్లు పట్టేది. నేడు 24 మెగాపిక్సెళ్ళ కెమెరా సర్వసాధారణం. అంగుళానికి 300 బిందువుల చొప్పున ఏ-4 కాగితం నిండా చిత్రం అచ్చు వేయుటకు సుమారు 87 లక్షల బిందువులు చాలును. కావున అంతకు మించిన సంఖ్య కొరకు సొమ్ము వ్యయం చేయుట ఔత్సాహికునికి అనవసరం.

ఇక గోడ సంగతి. పాత ఫిల్ము చట్రమంత సెన్సారు కొలత 36×24 మిల్లీమీటర్లు. ఏపీఎస్-సి అనబడే రకం సుమారు 23.5×15.6 మిల్లీమీటర్లు. నేర్చుకొనేవారికి ఇది చాలును, ధరయు తక్కువ. ఫోనులోని సెన్సారు సాధారణంగా ఇంతకంటె ఎంతో చిన్నది. ఫోను అనేక చిత్రాలను కలిపి ఒకటిగా కూర్చి ఆ లోటును కొంత పూడ్చుకొన్నను, మసక వెలుతురులో కదిలే మనుష్యుల విషయంలో ఆ ఉపాయం అంతగా పారదు.

లెన్సు మరింత ముఖ్యం. ఎఫ్ 5.6 వద్ద ప్రవేశించే కాంతికి ఎఫ్ 1.8 వద్ద ప్రవేశించే కాంతి తొమ్మిది రెట్లకు పైగా ఉండును. రాత్రివేళ ముషాయిరాలో కవి ముఖకవళికలను ఫ్లాష్ లేకుండా పట్టగోరువారికి 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు వరప్రసాదం. పక్షులను తీయగోరువారికి దూరాన్ని దగ్గర చేసే లెన్సు కావలెను. ఏమి తీయదలచితిమో నిశ్చయించుకొనిన పిదపనే దుకాణం మెట్లెక్కవలెను.

తయారీదారులు నేడు అద్దం లేని కెమెరాల వైపు మొగ్గుచున్నందున వాడిన డీఎస్ఎల్ఆర్ కెమెరాలు చవకగా లభిస్తున్నవి. అయితే పరీక్షించి కొనవలెను. లెన్సును వెలుతురుకు ఎత్తి లోపల బూజు లేదని చూడవలెను. రంధ్రాన్ని ఎఫ్ 16కు కుదించి తెల్లని గోడను చిత్రించినచో సెన్సారుపై మరకలు బయటపడును. వాయిదాల అప్పుతో కొత్తది కొనుటకంటె ఇదియే మేలు.

ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ (1844–1905) గాజు పలకలపై చిత్రాలు తీసినవాడు. ఆయనకు లభించిన 'ముసవ్విర్ జంగ్' బిరుదులోని ముసవ్విర్ అనగా చిత్రకారుడు. 1908 మూసీ వరదలకు పూర్వపు హైదరాబాదును నేడు మనం చూడగలుగుట కొంతవరకు ఆయన చలవయే. మన మొహల్లాల పాత దేవిడీలు, చేతిపనివారి ముఖాలు కూడ అట్లే నిలువవలసి ఉన్నవి.

అందుచే కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటి: గ్రంథాలయంలో పుస్తకం ఇచ్చినట్లే విద్యార్థులకు ఎరువిచ్చుటకు ఒక వాడిన కెమెరాను, ఒక మంచి లెన్సును సమకూర్చవలెను. కొనలేనివాని కన్ను కూడ చూడగలదు. దానికి సాధనం అందించుట మన విధి.