టైమర్ ఆఫ్ అయినా మోటారు ఆగట్లేదా? రిలే పాయింట్లలో స్పార్కును ఆపే పద్ధతులు

జీవామృతం డ్రిప్పులో వదిలేవాళ్లు, రాత్రి కరెంటుకి టైమర్ పెట్టుకునేవాళ్లు ఈమధ్య పెరిగారు. దాంతోపాటు ఒక ఫిర్యాదు కూడా వినపడుతోంది. "టైమర్ మొదట్లో బాగానే పనిచేసిందండీ. ఇప్పుడు ఆఫ్ లైటు వెలుగుతోంది గానీ మోటారు ఆగట్లేదు."

టైమర్ తన పని తాను చేసింది. లోపలున్న చిన్న రిలేలో రెండు పాయింట్లు వెల్డింగ్ పెట్టినట్టు అతుక్కుపోయాయి, అంతే. తెల్లారేసరికి తొట్టి పొర్లిపోతుంది, కలిపిన జీవామృతం కాలువ పాలవుతుంది. బోరులో నీళ్లు తగ్గి ఉంటే మోటారే కాలిపోతుంది. పాయింటు అతుక్కోకుండా కాలిపోయి, ఒక ఫేజు అందకపోయినా అంతే. మిగతా రెండు ఫేజుల మీద లాగి లాగి వైండింగ్ మాడిపోతుంది.

స్పార్కు ఎందుకు వస్తుంది?

డెలివరీ పైపులో నీళ్లు జోరుగా పోతున్నప్పుడు గేట్‌వాల్వ్ టక్కున మూసి చూడండి. పైపు దడాలున కొట్టుకుంటుంది. పరుగెత్తే నీళ్లు ఒక్కసారిగా ఆగవు కదా! కాయిల్లో కరెంటు కూడా అంతే. స్విచ్ తీసిన క్షణంలో ఆ కరెంటు ఆగనని మొండికేస్తుంది. 24 వోల్టుల కాయిల్ కూడా ఆ క్షణంలో వందల వోల్టులు పుట్టించగలదు. అప్పుడే విడిపోతున్న పాయింట్ల మధ్య గాలిని చీల్చుకుని కరెంటు దూకుతుంది. దాన్నే ఆర్క్ అంటారు. ఆ వేడికి పాయింటు మీద లోహం కరుగుతుంది, గుంటలు పడతాయి, చివరికి అతుక్కుంటుంది. అందుకే కరెంటు మోసేటప్పటి కంటే విడిపోయేటప్పుడే పాయింటుకి ఎక్కువ దెబ్బ. ఆ కరెంటుకి వేరే దారి చూపిస్తే పాయింటు బతుకుతుంది.

ముందు రిలే మీద రాసింది చదవండి

నీలం రంగు చిన్న రిలే మీద 10 ఆంపియర్లు, 250 వోల్టుల ఏసీ అని ఉంటుంది. అది హీటరు లాంటి లోడుకి చెప్పిన లెక్క. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలు కరెంటుకి 5 నుంచి 7 రెట్లు లాగుతుంది. కాబట్టి ఈ రిలేతో మోటారుని నేరుగా నడపొద్దు. రిలే కాంటాక్టర్ కాయిల్‌ని మాత్రమే నడపాలి, మోటారుని కాంటాక్టర్ నడపాలి. కాయిల్ మీద 230 ఉందా, 415 ఉందా కూడా చూసుకోండి. 415 అయితే 250 వోల్టుల రిలేని దానికి కలపకూడదు.

ఏ కాయిల్‌కి ఏ మందు?

డీసీ వాల్వుకి డయోడు: 12, 24 వోల్టుల చిన్న డీసీ వాల్వుకి 1ఎన్4007 డయోడు చాలు. వాల్వు రెండు వైర్ల మధ్య కలపాలి. తెల్ల గీత ఉన్న వైపు ప్లస్‌కి రావాలి. తిరగబడితే షార్టే. ఏసీ వాల్వుకి డయోడు అసలు పెట్టొద్దు.

ఏసీ కాయిల్‌కి స్నబ్బర్: 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, 100 ఓమ్‌ల రెసిస్టర్ ఒకదాని వెనక ఒకటి కలిపితే అదే స్నబ్బర్. రెడీమేడ్‌గానూ దొరుకుతుంది. 230 వోల్టులకి కెపాసిటర్ మీద ఎక్స్2 అని ఉండి తీరాలి. దీన్ని కాయిల్ రెండు చివర్ల మధ్య పెట్టడం మేలు. పాయింట్ల మీదుగా పెడితే ఆఫ్‌లో ఉన్నా దాని గుండా కొద్దిగా కరెంటు పోతూనే ఉంటుంది. ముట్టుకుంటే షాక్ కొడుతుంది.

ఎంఓవీ: గుండ్రటి బిళ్లలా ఉంటుంది. వోల్టేజీ ఎగిసినప్పుడు ఆ దెబ్బని తను తీసుకుంటుంది. 230 వోల్టుల కాయిల్‌కి 275 వోల్టుల ఏసీ రేటింగ్ ఉన్నది వాడాలి. దెబ్బలు తిని తిని ఇది కూడా అరుగుతుంది. పగిలినా, నల్లబడినా మార్చేయండి.

సోలార్ రైతులకి ప్రత్యేకంగా

మన 50 సైకిళ్ల ఏసీ కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది. ఆర్క్ ఆరిపోవడానికి అక్కడ సందు దొరుకుతుంది. ప్యానెల్ నుంచి వచ్చే డీసీకి ఆ సందు ఉండదు, ఆర్క్ అలా సాగుతూనే ఉంటుంది. అందుకే ప్యానెల్ లైనులో ఇంటి ఏసీ స్విచ్ వాడితే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. డీసీకి తగిన వోల్టేజీ రేటింగ్ ఉన్న ఎంసీబీనే పెట్టాలి. ఆపేటప్పుడు ముందు కంట్రోలర్‌లో పంపు ఆపి, తర్వాత ఐసోలేటర్ తీయండి.

స్టార్టర్ డబ్బాలో చూడాల్సినవి

కాంటాక్టర్ పైన ఉండే ఆర్క్ చూట్ తీసేసి నడపొద్దు. ఆర్క్‌ని ముక్కలు చేసి చల్లార్చేది అదే. పాయింట్లు కాస్త నల్లబడ్డాయని ఎమరీ పేపరుతో రుద్దొద్దు, పైనున్న వెండి మిశ్రమం అరిగిపోతుంది. గుంటలు లోతుగా పడితే పాయింట్ల సెట్టు మార్చడమే. వోల్టేజీ తక్కువగా ఉండి కాంటాక్టర్ టకటక కొట్టుకుంటుంటే వెంటనే ఆపేయండి. కొట్టుకున్న ప్రతిసారీ ఒక ఆర్కే. చీమలు దూరే కన్నాలు మూసేయండి. పాయింట్ల మధ్య చీమ నలిగినా పాయింటు సరిగ్గా ఆనదు.

వైర్ల కనెక్షన్ పై వీడియోలో నిదానంగా చూపించాం. డబ్బా తెరిచే ముందు మెయిన్ తీసి, టెస్టర్‌తో చూసుకోండి. 415 వోల్టుల పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. మీ స్టార్టర్ కాయిల్ మీద ఏం రాసుందో కామెంట్లో పెడితే, దానికి ఏది సరిపోతుందో మాట్లాడుకుందాం.