ఆటకు విమర్శకుల తీర్పు

ఒక కావ్యము వెలువడినప్పుడు దాని గుణదోషములను విచారించి చెప్పువారిని విమర్శకులందురు. నాటకమునకును, చిత్రమునకును, సంగీతమునకును విమర్శకులు కలరు. మరి ఆటకు విమర్శకులుందురా? గోలీలాటను గూర్చిగాని, వామనగుంటలను గూర్చిగాని పత్రికలలో విమర్శలు వెలువడుట మనము సాధారణముగా చూడము. తెరపై ఆడెడి వీడియో ఆటల సంగతి వేరు. వానిలో బొమ్మలు కలవు, సంగీతము కలదు, కథయు కలదు. కావుననే వానిని పరీక్షించి తీర్పు చెప్పు విమర్శకులును బయలుదేరిరి. అట్టి ఆటలలో ఒకదానిని గూర్చి విమర్శకులు ఏమనిరో, వారిలో అభిప్రాయభేదములు ఎందుకు పుట్టెనో ఈ పాఠమున తెలిసికొందము.

ఆ ఆట పేరు ‘బ్రెయిడ్’. ఈ ఇంగ్లీషు పదమునకు జడ అని అర్థము. అమెరికా దేశీయుడగు జొనాథన్ బ్లో దీనిని మూడేండ్లకు పైగా శ్రమించి, రెండు లక్షల డాలర్లకు దగ్గరగా సొంత ధనము వెచ్చించి నిర్మించెను. డేవిడ్ హెల్మన్ అను చిత్రకారుడు దీనికి బొమ్మలు గీసెను. ఆట ఇంకను పూర్తికాకమునుపే, 2006లో, ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్ అను ఉత్సవమున నూతన కల్పనకుగాను బహుమానము పొందెను. 2008 ఆగస్టు 6వ తేదీన ఎక్స్‌బాక్స్ అను ఆట యంత్రముపై వెలువడెను.

ఇది ‘పజిల్ ప్లాట్‌ఫార్మర్’ అను జాతికి చెందిన ఆట. ప్లాట్‌ఫారమనగా అరుగు. ఒక అరుగుమీదినుండి మరియొక అరుగుమీదికి దుముకుచు, గోతులు దాటుచు, శత్రువులను తప్పించుకొనుచు సాగు ఆటలను ప్లాట్‌ఫార్మరులందురు. జపాను దేశపు నింటెండో సంస్థ 1985లో వెలువరించిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ వీనిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. అందు మారియో అనువాడు చెరలోనున్న రాకుమారిని విడిపింప బయలుదేరును. ఇట్టి ఆటకు చిక్కుప్రశ్నలు చేర్చినచో పజిల్ ప్లాట్‌ఫార్మరగును. అందు చేతి చురుకుదనముకంటె బుద్ధి చురుకుదనము ముఖ్యము.

బ్రెయిడ్‌లో నాయకుడు టిమ్. అతడును ఒక రాకుమారిని వెదకుచు పోవును. సాధారణముగా ఇట్టి ఆటలలో గోతిలో పడిన నాయకుడు మరణించును. ఆడువాడు మరల మొదలుపెట్టవలెను. టిమ్‌కు ఆ భయము లేదు. ఒక మీట నొక్కినంతనే కాలము వెనుకకు నడచును. పడినవాడు పైకి లేచి వచ్చును. సంగీతము సైతము తుదినుండి మొదటికి మ్రోగును. 2003లో వెలువడిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది సాండ్స్ ఆఫ్ టైమ్’ అను ఆటయందును కాలమును త్రిప్పు శక్తి కలదు గాని, దానికి మితి కలదు. బ్రెయిడ్‌లో ఆ మితి లేదు.

తప్పు దిద్దుకొనుట ఇంత సులభమైనచో ఇక కష్టమేమున్నదని మీరడుగవచ్చును. కష్టమంతయు నియమములలో నున్నది. ఒక లోకమున పచ్చని కాంతితో మెరయు వస్తువులు కాలముతోపాటు వెనుకకు మరలవు. లోతైన గోతిలో అట్టి తాళపుచెవి ఒకటి యున్నదనుకొనుడు. టిమ్ గోతిలోనికి దుమికి దానిని అందుకొనును. కాలమును త్రిప్పగా అతడు మరల గట్టుపైకి వచ్చును. తాళపుచెవి మాత్రము అతని చేతిలోనే నిలుచును. మరియొక లోకమున టిమ్ కుడివైపు నడచినచో కాలము ముందునకును, ఎడమవైపు నడచినచో వెనుకకును సాగును. అతడు నిలిచినచో కాలమును నిలుచును. ఇంకొక లోకమున టిమ్ రద్దుచేసిన పనులనే అతని నీడ మరల చేసి చూపును. వేరొకచోట అతడు నేలపై నుంచిన ఉంగరము చుట్టును కాలము మందగించును. ప్రతి లోకమునకును ఒక నియమము. ఆ నియమమును గ్రహించినగాని చిక్కు విడదు.

విమర్శకులలో అధికసంఖ్యాకులు ఈ ఆటను మెచ్చుకొనిరి. పలువురి తీర్పులను కూర్చి సగటు కట్టెడి మెటాక్రిటిక్ లెక్కలో దీనికి నూటికి 93 వచ్చెను. చిక్కులు ఒకదానివలె మరియొకటి లేవనియు, బొమ్మలు చేతితో రంగులద్దిన చిత్రములవలె నున్నవనియు వారు ప్రశంసించిరి. ముగింపును మరింత కొనియాడిరి. కడపటి ఘట్టమున రాకుమారి ఒక యోధునినుండి పారిపోవుచు, దారిలో టిమ్‌కు సాయపడుచున్నట్లు కనబడును. కాలము సరియైన దిశకు మరలగానే నిజము బయటపడును. ఆమె పారిపోవుచున్నది టిమ్‌నుండియే. ఆ యోధుడే ఆమెను కాపాడినవాడు. రక్షకుడనని తలచినవాడే ఆమెను తరిమినవాడని తేలును. ఈ సత్యమును మాటలతో గాక ఆట నియమముతోనే తెలుపుట ఇందలి విశేషము. ఇచ్చట ఆటయు కథయు జడలోని పాయలవలె పెనవేసికొన్నవి.

దోషములు చూపినవారును కలరు. ఆట ఐదారు గంటలలో ముగియుననియు, పదిహేను డాలర్ల వెల అధికమనియు కొందరనిరి. చిక్కులు అతికఠినములని మరికొందరు మొరపెట్టిరి. వారికి బ్లో ఇచ్చిన సమాధానమేమనగా, పరుల సాయము లేక స్వయముగా విప్పుకొన్న చిక్కే తృప్తి నిచ్చునని. కథ విషయమున ఆక్షేపణ ఇంకను బలమైనది. ప్రతి లోకపు వాకిట కొన్ని గ్రంథములు తెరచుకొని కనబడును. వానిలోని వచనము ఆడంబరముగాను, అస్పష్టముగాను ఉన్నదని కొందరు తప్పుపట్టిరి. తుది భాగమున 1945 జూలైలో అమెరికాలో జరిగిన తొలి అణుబాంబు పరీక్షను తలపించు వాక్యమొకటి కలదు. అందుచే రాకుమారి యనగా ఒక స్త్రీయా, లేక మానవుడు వెంటాడి సాధించిన అణుశక్తియా అను వాదము పుట్టెను. ఏ మీట నొక్కినను వెనుకకు మరలని కార్యములు లోకమున కలవని ఆ వాక్యము మనకు జ్ఞప్తి చేయును.

ఈ ఆటను గూర్చి కఠినముగా పలికినవారిలో ప్రసిద్ధుడు రోజర్ ఈబర్ట్. ఆయన షికాగో సన్‌టైమ్స్ పత్రికలో చలనచిత్ర విమర్శకుడుగా నుండెను. 1975లో విమర్శనమునకు పులిట్జర్ బహుమతి పొందినవాడు. ఆటలు నిర్మించు కెల్లీ శాంటియాగో ఒక ఉపన్యాసమున, వీడియో ఆటలును కళయే యని చెప్పుచు, బ్రెయిడ్‌ను ఉదాహరణముగా చూపెను. దానికి బదులుగా 2010 ఏప్రిలులో ఈబర్ట్ ఒక వ్యాసము వ్రాసెను. వీడియో ఆట ఎన్నటికిని కళ కానేరదని ఆయన వాదము. చదరంగమున వేసిన ఎత్తును వెనుకకు తీసికొన్నచో ఆట కట్టుబాటే చెడుననియు, బ్రెయిడ్ చేయునదియు అదియే యనియు ఆయన ఆక్షేపించెను.

ఈ మాట వినుటకు సబబుగనే యున్నది. పులిజూదములో కదిపిన కాయను మరల వెనుకకు పెట్టినచో ఎదుటివాడు ఒప్పుకొనునా? కాని చదరంగమునను, పులిజూదమునను ఇద్దరు పోటీపడుదురు. ఎత్తు మరల్చుట వారిలో ఒకరికి అన్యాయము. బ్రెయిడ్‌లో అట్టి పోటీదారుడు లేడు. కాలమును మరల్చుటయే అందలి ఎత్తు. తాళపుచెవి చిక్కును స్వయముగా విప్పినవానికి ఈ భేదము వెంటనే తెలియును. ఈబర్ట్ ఆ ఆటను ఆడియుండలేదు.

వేలకొలది పాఠకులు ఆయనకు ప్రత్యుత్తరములు వ్రాసిరి. 2010 జూలైలో ఆయన మరియొక వ్యాసము ప్రకటించెను. ఆడి చూడనిదే తాను ఆ ప్రసంగము ఎత్తుకొని యుండరాదని అందు అంగీకరించెను. వీడియో ఆట కళ కాదను తన నమ్మకమును మాత్రము విడువలేదు. నమ్మకము వేరు, దానికి చూపవలసిన ఆధారము వేరు. ఆధారము చాలలేదని అంతటి ప్రసిద్ధుడు అందరియెదుట ఒప్పుకొనుట ఆయన గౌరవమును పెంచెనేగాని తగ్గింపలేదు.

విచిత్రమేమనగా, మెచ్చుకొన్నవారి మాటలును బ్లోకు పూర్తి తృప్తి నీయలేదు. పలువురు పైపై మెరుగులనే పొగడిరనియు, ఆటలోని లోతు వారికి అందలేదనియు ఆయన బాధపడెను. 2012లో వెలువడిన ‘ఇండీ గేమ్: ది మూవీ’ అను చిత్రమున ఈ సంగతి కలదు. 2024 మే నెలలో బ్రెయిడ్ క్రొత్త మెరుగులతో మరల వెలువడినప్పుడు, ఏ చిక్కును ఎందుకు అట్లు కల్పించినదియు నిర్మాతలే వివరించిన వ్యాఖ్యానము పదిహేను గంటలకు పైగా దానికి చేర్చబడెను.

పొగడినవారిలోను, తెగడినవారిలోను మంచి విమర్శకుని గుర్తించుటెట్లు? ఆటను ఆసాంతము ఆడినవాడు, తన తీర్పునకు కారణము చూపినవాడు, ఆ కారణము నిలువనప్పుడు తీర్పును దిద్దుకొనువాడు మంచి విమర్శకుడు. పుస్తకమును గూర్చిగాని, పాటను గూర్చిగాని, తోటి విద్యార్థిని గూర్చిగాని మనము నిత్యము తీర్పులు చెప్పుచునేయుందుము. పలికిన పలుకు పచ్చని తాళపుచెవి వంటిది. కాలము వెనుకకు మరలినను అది మరలదు. కావున పరీక్షించి పలుకుట మేలు.